మూత తీసినప్పటి చప్పుడు

ఇంజను ఆగిన కారును దూరం నుండి చూసి "పెట్రోలు పంపు పోయింది" అని తీర్పు చెప్పే మెకానిక్కును నేను ఎన్నడూ నమ్మలేదు. పరీక్ష చేయకుండా పలికిన మాట నిజమే అయినా అది పనితనం కాదని నా అభిప్రాయం. ఈ అభిప్రాయం వల్ల నాకు స్నేహితులు తగ్గారే గాని పెరగలేదు. అయినా దానిని మార్చుకోలేదు.

ధర్మపురిలో సేలం రోడ్డు మీద ఉన్న ఒక కార్ల వర్క్‌షాపులో చాలా కాలం సూపర్‌వైజరుగా పనిచేసి విరమించాను. అంతకు ముందు పారిశ్రామిక శిక్షణ పాఠశాలలో ఇంజన్ల పాఠం చెప్పేవాణ్ణి. ఈనాడు ఈ వృత్తిలోకి వచ్చేవారు కారుకు ఒక పరికరం తగిలించి తప్పు ఎక్కడున్నదో తెర మీద చదువుకొంటున్నారు. మంచిదే. కాని తెర మీదికి రాని తప్పులు కూడా కొన్ని ఉంటాయి. అటువంటి ఒకదానిని మీకోసం రాసి ఉంచుతున్నాను. మన ఇళ్ళలో తెలుగు మాట్లాడే పిల్లలు ఎందరో ఉన్నా ఈ అక్షరాలు చదవగలిగినవారు కొందరే. చదవగలిగినవారు తక్కినవారికి వినిపించాలని కోరిక.

మా వర్క్‌షాపులో నేను పెట్టిన నియమాలు చాలా ఉండేవి. వాటిలో ఒకటి ఈ కథకు అవసరం. గేటు దాటి లోపలికి వచ్చే ప్రతి కారుకూ ముందుగా పెట్రోలు ట్యాంకు మూత తీసి, కొయ్య స్కేలు ముంచి, పెట్రోలు ఎంత ఉన్నదో చూడాలి. ఆ తరువాతనే కారు లోపలికి రావాలి. ఒకానొకప్పుడు ఒక పెద్దమనిషి మా పనివాళ్ళు పెట్రోలు దొంగిలించారని నలుగురిలో కేకలు వేశాడు. దొంగిలించలేదని నాకు తెలుసు. కాని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. మా పనివాళ్ళు తలలు దించుకొని నిలబడటం నాకు నచ్చలేదు. మరునాడే ఆ నియమం పుట్టింది. వాన కురిసినా, మంత్రిగారి కారు వచ్చినా ముందు మూత తీయవలసిందే.

మా హెడ్ మెకానిక్కుకు ఈ నియమం నవ్వులాట. హరూరు వైపు పల్లెలో గొర్రెలు, పశువులు పెంచుకొనే తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. నా కంటె వయసులో చిన్నవాడు, ఒడ్డూ పొడవులో నాకు రెట్టింపు. నేను ఒకప్పుడు పాఠాలు చెప్పినవాణ్ణని నన్ను "వాద్ధ్యారే" అని పిలిచేవాడు. అందులో గౌరవం ఎంతో, వెక్కిరింత ఎంతో నేను ఏనాడూ తేల్చుకోలేదు.

"వాద్ధ్యారే, మా ఊళ్ళో గొర్రెను కొనేటప్పుడు కూడా ముందు నోరు తెరిచి పళ్ళు చూస్తారు. మీరు బండికి తోక కాడ తెరిచి చూస్తారు. రెండూ ఒకటే" అనేవాడు.

"నీవు చూసి చెప్పు, ఎంత ఉన్నది?" అని నేను స్కేలు చాచేవాణ్ణి.

ఇక ఆ కారు సంగతి. ఒకప్పుడు ప్రభుత్వ అధికారులందరూ తిరిగిన, గుండ్రటి నెత్తి గల పాత తెల్ల కారు అది. వెనుక సీటు మంచమంత వెడల్పు. దాని యజమాని మిద్దెల మేస్త్రీ. కొత్త ఇళ్ళు కట్టడం కాదు, కట్టిన మిద్దెలు వానకు ఉరవకుండా, నీళ్ళ తొట్లు కారకుండా చేయడం అతని పని. తాతల నాటి నుండి ఏరియూరు దగ్గర సేద్యం చేసుకొన్న కుటుంబం. ఇతడు పనికోసం ధర్మపురికి వచ్చి స్థిరపడ్డాడు. ఊళ్ళో ఎవరి మిద్దె ఉరిసినా అతనినే పిలిచేవారు. మా ఆఫీసు గది పైకప్పు కూడా అతడు చేసినదే. ఆ తరువాత ఏ వానాకాలంలోనూ నా బల్ల మీద చుక్క పడలేదు.

ఆ రోజు అతడు కారును మా వాళ్ళ చేత తోయించుకొని రాలేదు, నడుపుకొనే వచ్చాడు. దిగి, తుండుగుడ్డ చేతిలోకి తీసుకొని నిలబడ్డాడు.

"ఏమప్పా, బండికి ఏమైనాది?" అన్నాడు హెడ్ మెకానిక్.

"ఊళ్ళో తిరిగితే ఏమీ లేదన్నా. సేలం పోయి వచ్చేటప్పుడు తొప్పూరు ఘాట్ ఎక్కతా ఎక్కతా నిలిచిపోతాది. పెట్రోలు ఉండాది. బ్యాటరీ ఉండాది. ఊరికే చచ్చిపోతాది. కొంచేపు అయినంక మళ్ళా లేస్తాది. ఘాట్ కాడ ఉండే మెకానిక్ పంపు పోయినాది అన్నాడు."

"ఎప్పటి నుండి?" అని నేను అడిగాను.

"ఇంటిదాన్ని ఆస్పత్రికి తీసుకొనిపోయేది మొదలుపెట్టినప్పటి నుండి సార్. అంతకు ముందు ఈ బండి ఘాట్ ఎప్పుడు చూసినాది? సిమెంటు బస్తాలు వేసుకొని ఊళ్ళోనే కదా తిరిగినాది."

అతని భార్యకు కడుపులో గడ్డ తీశారు. అది మళ్ళీ రాకుండా సేలంలో ఒక ఆసుపత్రిలో కొంతకాలానికి ఒక తడవ మందు ఎక్కిస్తున్నారు. మందు ఎక్కిన రోజున ఆమె కూర్చొని ఉండలేదు. ఏ వాసనా పడదు. బస్సులో ఒక తూరి పోయి తల్లడిల్లిపోయింది. అద్దాలు మూసి చల్లగాలి పెట్టే కొత్త టాక్సీలో ఊపిరాడలేదన్నది. ఈ పాత కారు వెనుక సీటులో, దిండు వేసుకొని, అద్దం దించుకొని పడుకొంటే మాత్రం రాగలుగుతుంది. కనుక ఆ కారు నడవటం వారికి ముఖ్యం.

ఇక్కడ పంపును గురించి రెండు మాటలు చెప్పాలి. పాత కార్లలో పెట్రోలు ట్యాంకు వెనుక, ఇంజను ముందు. మధ్యలో సన్నని గొట్టం. ఇంజను పక్కనే ఉండే పంపులో ఒక రబ్బరు పొర ఇంజను తిరిగినప్పుడల్లా కిందికీ పైకీ ఆడుతూ, వెనుక నుండి పెట్రోలు పీల్చి ముందుకు పంపుతుంది. పొర చిరిగితే పీల్చలేదు. ఎండలో ఎక్కుడు ఎక్కేటప్పుడు పంపు బాగా వేడెక్కితే పెట్రోలు ఆవిరై, అప్పుడూ పీల్చలేదు. అందుకే మన ఘాట్లలో పాత కారు ఆగితే ప్రతి డ్రైవరూ చేసే వైద్యం ఒకటే. గుడ్డ తడిపి పంపు మీద వేయడం.

మేము పరీక్ష చేశాము. గొట్టం విప్పి సీసాలో పెట్టి ఇంజను తిప్పితే పెట్రోలు చక్కగా చిమ్మింది. అయినా హెడ్ మెకానిక్ పంపు విప్పి, పొర పాతబడిందని చెప్పి మార్చాడు. కారు పోయింది. తరువాతి తడవ ఘాట్‌లో మళ్ళీ ఆగింది. మేస్త్రీ మళ్ళీ వచ్చాడు. గేటు దగ్గర మూత తీసి కొలిచి లోపలికి తెచ్చాము. పెట్రోలు మునుపటి లాగే చిమ్మింది. ఈసారి పంపే కొత్తది వేశాము, గొట్టం ఊది శుభ్రం చేశాము. ఆ పై తడవ మళ్ళీ ఆగింది.

నాకు నిద్రలో కూడా ఆ సీసాలోకి చిమ్మే పెట్రోలు కనబడేది. మా దగ్గర ఆరోగ్యంగా ఉండి, ఘాట్‌లో మాత్రమే జబ్బుపడే కారు!

మూడవసారి మేస్త్రీ భార్య కూడా వచ్చింది. ఆసుపత్రి నుండి తిరిగి వస్తూ, ఘాట్‌లో ఆగి, లేచి, నేరుగా మా దగ్గరికే వచ్చారు. ఆమె వెనుక సీటులో పక్కకు తిరిగి పడుకొని ఉన్నది. తలకు చీరకొంగు కప్పుకొన్నది. నేను కారు దగ్గరికి పోయి, "అమ్మా, లోపలికి వచ్చి ఫ్యాను కింద కూర్చోండి" అన్నాను.

"ఒద్దు సార్. ఆయిల్ వాసన. ఈడనే ఉంటా" అన్నది. కాస్త ఆగి, "సార్, మీరు పెద్దవాళ్ళు. ఈయనకు మీరైనా చెప్పండి. ఇంక ఒగ తూరి ఘాట్‌లో నిలిచిందంటే నేను ఆస్పత్రికి పోను. ఎండలో, రోడ్డు పక్కన, పోయే లారీవాళ్ళందరూ చూస్తా ఉంటే వాంతి చేసుకొనేది నా వల్ల కాదు. చచ్చేదైతే ఇంట్లోనే చస్తా" అన్నది.

కోపంగా అనలేదు. సంతలో ఏం కొనాలో చెప్పినట్టు అన్నది. మేస్త్రీ ముఖం పక్కకు తిప్పుకొని మా గోడలో పగుళ్ళు చూస్తున్నట్టు నిలబడ్డాడు. ఇంకా కొన్ని తడవలు మందు ఎక్కించవలసి ఉన్నదని, ఇప్పుడు ఆపితే ఇంతవరకు చేసినదంతా వృథా అని డాక్టరు చెప్పాడట.

హెడ్ మెకానిక్ నన్ను పక్కకు పిలిచాడు. అతని ముఖంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. "వాద్ధ్యారే, ఇంక ఏమి మార్చేది? ఇంజను ఒగటే మిగిలింది."

"ఏమీ మార్చవద్దు. ఈ కారు మన దగ్గర తప్పు చూపించదు. అది తప్పు చేసే చోటికి నేనే పోతాను."

"మీరా? ఘాట్‌కా? మీరు పక్కన కూర్చుంటే బండి భయపడి ఎక్కేస్తాది. అప్పుడు తప్పు ఎట్ల తెలుస్తాది?"

నవ్వు తిరిగి వచ్చినందుకు లోపల సంతోషించి, బయటికి మాత్రం "పని చూసుకో" అన్నాను.

తరువాతి తడవ నేను సెలవు పెట్టి వారితో బయలుదేరాను. బయలుదేరే ముందు మేస్త్రీని ఒక ప్రశ్న అడిగాను. "కారు ఆగినప్పుడు నీవు ఏమేమి చేస్తావు? వరుసగా చెప్పు."

"ఏముంది సార్? బానెట్ తెరుస్తా. తడిగుడ్డ వేస్తా. పెట్రోలు కారిపోయిందేమో అని వెనక పోయి మూత తీసి చూస్తా. కొంచేపు ఉంటా. స్టార్ట్ చేస్తే లేస్తాది."

"అంటే మూడు పనులు చేస్తున్నావు. గుడ్డ, మూత, వేచి ఉండటం. ఈ మూడింటిలో దేని వల్ల లేస్తున్నదో నీకు తెలియదు. ఈ రోజు ఆగితే ఒక్కొక్కటే చేద్దాము. నేను చెప్పేవరకు తక్కినవి ముట్టుకోవద్దు."

"సరి సార్" అన్నాడు గాని, భార్య వైపు చూశాడు. ఆమె కళ్ళు మూసుకొని ఉన్నది.

పోయేటప్పుడు ఘాట్ దిగుడు. చల్లని వేళ. కారు ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఆసుపత్రిలో ఆమెను లోపలికి తీసుకొనిపోయిన తరువాత మేమిద్దరం బల్ల మీద కూర్చున్నాము. మేస్త్రీ తల పైకెత్తి, పైకప్పులో తడి మరకను చాలాసేపు చూశాడు.

"ఆ మూల ఉరుస్తా ఉండాది సార్. నీళ్ళు అక్కడ పడతాయి గాని ఓటు, ఆ కారే చిల్లు, అక్కడ ఉండదు. గోడ అంటుకొనే చోట చూడాల. మరక కాడ పూస్తే లాభం లేదు" అన్నాడు.

నాకు మా పంపు గుర్తుకు వచ్చింది.

కొంతసేపటికి అతడే అన్నాడు. "ఇంట్లో తిరగమాత వేసేది మానేసినా సార్. సోపు వాసన పడదు, మల్లెపూలు పడవు. పూలంటే ప్రాణం దానికి. నేనే బయట పొయ్యి పెట్టి గంజి కాచి ఇస్తా. నేను కాచిన గంజి తాగి నవ్వతాది. మేస్త్రీ చెయ్యి కదా, సిమెంటు మాదిరి ఉండాది అంటాది."

"కారులో పెట్రోలు వాసన పడుతుందా?"

"అబ్బో, మొదటి తూరి దానితోనే నానా కష్టం. దానికి నేను అప్పుడే వైద్యం చేసేసినా..." అని చెప్పబోతూ ఉండగా నర్సు పిలిచింది. అతడు లేచి పరుగెత్తాడు. ఆ మాటను నేను ఆపి అడిగి ఉంటే తరువాతి ఎండ తప్పేది. కాని నా మనసు అప్పటికి పంపు చుట్టూనే తిరుగుతున్నది.

తిరుగు ప్రయాణంలో ఎండ బాగా ముదిరింది. ఆమె వెనుక సీటులో తల ఎడమవైపుకు పెట్టి పడుకొన్నది. చేతిలో ఒక నారింజ తొక్క. దానిని మాత్రం వాసన చూడగలుగుతున్నది. ఘాట్ మొదలైంది. సగం ఎక్కేసరికి ఇంజను ఒకసారి దగ్గినట్టు ఊగి, బలం తగ్గి, ఆగిపోయింది. మేస్త్రీ కారును పక్కకు తెచ్చి బ్రేకు వేశాడు. స్టీరింగు మీద నుండి చేతులు తీయలేదు. లారీలు మూలుగుతూ మమ్మల్ని దాటిపోతున్నాయి.

వెనుక ఆమె చీరకొంగు ముఖం మీదికి లాక్కొన్నది.

"దిగు. ముందు తడిగుడ్డ మాత్రం" అన్నాను.

గుడ్డ వేశాడు. నీళ్ళు పోశాడు. పంపు చేతితో ముట్టుకోగలిగేంత చల్లబడింది. స్టార్ట్ చేస్తే లేవలేదు. ఇంకా కాసేపు వేచి ఉన్నాము. లేవలేదు. గొట్టం విప్పి, పంపుకు ఉండే చేతి మీటను ఆడించాను. చుక్క రాలేదు. మీట మామూలుగా ఆడటం లేదు. అవతల ఎవరో పట్టుకొని వెనక్కు లాగుతున్నట్టు ఉన్నది. అటువంటి పట్టు నేను అంతవరకు ఎరుగను.

మేస్త్రీకి ఓపిక పోయింది. "సార్, మీకు దండం పెడతా, నేను ఎప్పుడూ చేసినట్టు చేసేస్తా. అది ఎండలో ఉండాది సార్!"

"ఒక్క క్షణం" అన్నాను. నా గొంతు నాకే కఠినంగా వినిపించింది. వెనుక తలుపు దగ్గరికి పోయి వంగాను. ఆమె కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నది.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో డ్రైవరును వేయి ప్రశ్నలు వేసి ఉంటాను. వెనుక సీటులో పడుకొన్న మనిషిని అడగాలని ఎన్నడూ తోచలేదు. "అమ్మా, కారు ఆగినప్పుడు ఇక్కడ మీకు ఏమైనా వినిపిస్తుందా?"

"ఆగేటప్పుడు ఏమీ లేదు సార్" అన్నది మెల్లగా. "ఈయన వెనక పోయి మూత తీస్తాడే, అప్పుడు నా తల పక్కనే ఉస్సుమని అంటాది. చానా సేపు. ఊపిరి బిగబట్టినోళ్ళు గాలి పీల్చుకొన్నట్టు. అది విన్నానంటే నాకు తెలుస్తాది, ఇంక లేస్తాది అని."

నేను నిటారుగా నిలబడ్డాను. కారు వెనక్కు నడిచి, మూత మీద చేయి వేసి తిప్పాను. ఆమె చెప్పిన చప్పుడు వచ్చింది. పొడుగ్గా, లోపలికి పీల్చుకొంటూ, ఆగకుండా. మూత తిరగేసి చూశాను.

పెట్రోలు ట్యాంకు మూతలో సన్నని రంధ్రం ఒకటి ఉంటుంది. ట్యాంకులో పెట్రోలు తగ్గిన కొద్దీ, ఆ చోటు నింపడానికి దాని ద్వారా గాలి లోపలికి పోవాలి. పోకపోతే లోపల శూన్యం ఏర్పడి, పంపు ఎంత పీల్చినా పెట్రోలు కదలదు. ఆ రంధ్రం మూసి ఉన్నది. ఊరికే మూసి లేదు. రెండు ముద్దలు కలిపి పిసికితే రాయిలా గట్టిపడే మైనం ఉన్నది చూడండి, నీళ్ళ తొట్ల పగుళ్ళకు పెట్టేది, దానితో నింపి, అంచులు నునుపు చేసి, పైన రంగు కూడా పూశారు. చుట్టూ లారీ ట్యూబు రబ్బరు కోసి కొత్త వాషరు అమర్చారు. కత్తిరింపు ఎంత గుండ్రంగా ఉన్నదంటే, ఆ పని ఎవరిదో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. మా ఆఫీసు పైకప్పును చేసిన చేయి అది.

మా గేటు కూడా అప్పుడే గుర్తుకు వచ్చింది. కారు వచ్చిన ప్రతిసారీ మేమే మూత తీసి, దాని జబ్బు కుదిర్చి, ఆ తరువాత జబ్బు ఏమిటా అని వెతికాము. రోడ్డు హోరులో ఆ చప్పుడు ఎవరూ వినలేదు. మూత అడుగు వైపు ఎవరూ చూడలేదు.

ఆమె అద్దంలో నుండి నన్ను చూస్తున్నది. నా చేతిలో మూతను చూసి గ్రహించింది.

"అది ఆయన మూసినాడు సార్" అన్నది, బానెట్ దగ్గర ఉన్న భర్తకు వినబడకుండా. "మొదటి తూరి వాసనకు నేను తట్టుకోలేక ఏడిస్తే, ఆ రాత్రంతా కూర్చొని చేసినాడు. దాని వల్లనే నిలుస్తా ఉండాదా?"

"అవునమ్మా."

"అయితే ఆయనకు చెప్పవద్దు సార్. పంపే అని చెప్పేయండి. నన్ను ఎండలో పడుకోబెట్టింది తానే అని తెలిస్తే ఆయన తట్టుకోడు."

తప్పు ఎక్కడున్నదో యజమానికి స్పష్టంగా చెప్పాలి అన్నది నా నియమాలలో మొదటిది. దానిని ఏ పెద్దమనిషి కోసమూ సడలించలేదు. కాని అప్పుడు నాకు అడ్డువచ్చింది నియమం కాదు. "చెప్పకపోతే ఎట్లాగమ్మా? నేను ఈ మైనం తీసేస్తాను. వాసన మళ్ళీ వస్తుంది. వాసన వస్తే అతడు మళ్ళీ మూస్తాడు. ఈసారి ఇంకా గట్టిగా మూస్తాడు."

ఆమె పెదవుల మీద ఏదో కదిలింది. "మూస్తాడు. చూస్తా ఊరకుండేవాడు కాదు." కొంచెం సేపు ఆలోచించి, "సరి. అయితే మీరు చెప్పవద్దు. నేనే చెప్తా" అన్నది.

మూతను వదులుగా పెట్టి, గొట్టం బిగించి, స్టార్ట్ చేయమన్నాను. మొదటి తిప్పుకే ఇంజను లేచింది. మేస్త్రీ రెండు చేతులూ జోడించబోతే, "నడుపు" అన్నాను. కారులో పెట్రోలు వాసన నిండింది. ఆమె నారింజ తొక్కను ముక్కుకు అదుముకొని, లేచి కూర్చొన్నది.

ఘాట్ మీదికి వచ్చిన తరువాత ఆమె భర్తను పిలిచింది. "మామా."

"ఏమే? వాసన వస్తా ఉండాదా? మూత సరిగ్గా పడలేదేమో. ఆపేదా?"

"ఆపవద్దు. నేను ఒగటి అడుగుతా. ఊళ్ళో ఇన్ని మిద్దెలకు ఓట్లు మూసినావే, ఎప్పుడైనా ఎవరి కిటికీ అయినా మూసినావా?"

"కిటికీ ఎందుకు మూస్తా? గాలి రావద్దా?"

"అదే. పెట్రోలు ట్యాంకుకు ఉండే ఒగే కిటికీ మూసినావు."

అతనికి అర్థం కావడానికి ఒక మలుపు పట్టింది. అర్థమైన తరువాత కారు వేగం తగ్గింది. నేను ముందు అద్దంలో నుండి రోడ్డునే చూస్తూ కూర్చొన్నాను. రోడ్డు మీద చూడవలసినది ఏమీ లేదు.

"నేనా?" అన్నాడు చివరికి. "నేనే నిన్ను ఎండలో..."

"నువ్వే. పని అంత బాగా చేసినావు కాబట్టి. వేరే ఎవరైనా మూసి ఉంటే ఎప్పుడో ఊడి వచ్చి ఉంటుంది. బండి నిలిచి ఉండదు." ఆమె ముందుకు వంగి అతని భుజం మీద చేయి వేసింది. "మెల్లగా పో మామా. నాకేమీ కాలేదు. ఇదిగో, కూర్చోనే ఉన్నా కదా."

అతడు మోచేతితో కళ్ళు తుడుచుకొన్నాడు. ఘాట్ దాటిన తరువాత నా వైపు తిరిగి, "సార్, ఆ మైనం గోరుతో వచ్చినాదా?" అన్నాడు.

"రాలేదు. ఉలి కావాలి" అన్నాను.

"రాదు" అన్నాడు. ఆ ఏడుపు ముఖంలోనే కాస్త తృప్తి కనబడింది. వెనుక నుండి ఆమె నవ్వింది. ఆమె నవ్వు నేను వినడం అదే మొదలు.

మరునాడు మా హెడ్ మెకానిక్ ఆ సంగతి విని, నడుముకు చేతులు పెట్టుకొని గేటు వైపు చూశాడు. "వాద్ధ్యారే, రోగి వచ్చిన ప్రతి తూరీ గేటు కాడనే మందు వేసి, లోపలికి తెచ్చి నాడి చూసినాము. మన మాదిరి ఆస్పత్రి ఎక్కడైనా ఉంటాదా?"

"గేటు దగ్గర మూత తీసినవారిలో నీవు కూడా ఉన్నావు."

"నేను కొలత చూసినాను. చెవి పెట్టమని మీరు నియమం పెట్టలేదే!"

ఆ మాట నాకు నచ్చింది. అప్పటి నుండి నియమం మారింది. మూత తీసేవాడు ముందు చెవి పెట్టి వినాలి, మూత తిరగేసి చూడాలి. కారులో వచ్చినవారు ఎందరుంటే అందరినీ, వెనుక కూర్చొన్నవారిని కూడా, ఏమి వినబడుతున్నదో అడగాలి. ఈ చివరి వాక్యం రాయించడానికి నాకు ఉద్యోగం చివరి దాకా పట్టింది.

వాసన విషయం మిగిలి ఉన్నది కదా. హెడ్ మెకానిక్ ట్యాంకు నోటికి కింద సన్నని రాగి గొట్టం ఒకటి అతికించి, దానికి రబ్బరు గొట్టం తగిలించి, కారు అడుగున అవతలి పక్కకు, ఆమె తలకు దూరంగా తీసుకొనిపోయాడు. గాలి ఆ దారిన వచ్చి పోతుంది. మూత మాత్రం మేస్త్రీ చేసినదే ఉంచాము, మైనంతో సహా. ఆ వాషరు తీయడానికి హెడ్ మెకానిక్కుకు మనసు రాలేదు. నాకూ రాలేదు. గొట్టం చివర దుమ్ము పోకుండా వల కట్టడానికి మేస్త్రీ స్వయంగా వచ్చి, మా షెడ్డు నేల మీద బోర్లా పడుకొని, ఆ పని ముగించి లేచాడు. ఈసారి మూయలేదని ఊది చూపించాడు.

తక్కిన తడవలన్నీ కారు ఘాట్‌లో ఎక్కడా ఆగకుండా ఎక్కింది. ప్రతిసారీ ఇల్లు చేరగానే మేస్త్రీ ఫోను చేసి, "ఎక్కేసినాది సార్" అని మాత్రం చెప్పి పెట్టేసేవాడు. తరువాత వానలు పడ్డాయి. ఫోన్లు ఆగిపోయాయి. మందు ఎక్కించడం ముగిసిందా, మరేమైనా జరిగిందా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఫోను తీసి మళ్ళీ పెట్టేసిన రోజులు ఉన్నాయి.

నేను విరమించబోయే రోజులలో ఒక సాయంత్రం ఆ తెల్ల కారు గేటు దగ్గర ఆగింది. నేను ఆఫీసు గదిలో నుండి చూశాను. వెనుక సీటు ఖాళీగా ఉన్నది. లేచి బయటికి వచ్చిన తరువాత కనబడింది. ఆమె ముందు సీటులో, భర్త పక్కన కూర్చొని ఉన్నది. జుట్టు ఇంకా పొట్టిగానే ఉన్నది. అందులో, నిలవదని తెలిసి కూడా పిన్ను గుచ్చి పెట్టిన మల్లెపూల ముక్క.

"హొగేనక్కల్ పోయి వస్తా ఉండాము సార్" అన్నాడు మేస్త్రీ. "పరిసల్, ఆ గుండ్రటి బుట్ట పడవ, ఎక్కించినా. నీళ్ళు మీద పడితే కేకలు వేసినాది. మీ అందరికీ చేపలు వేయించుకొని వచ్చినాము."

ఆమె ఆకుపొట్లం చాచింది. కాగిన నూనె, కారం, చేపల వాసన గేటు దాకా నిండింది. ఆమె ఆ పొట్లాన్ని ఇంత దూరం ఒళ్ళోనే పెట్టుకొని వచ్చింది. నేను చేపలు తినను. నా ఆఫీసు బల్ల మీద తినుబండారాలు పెట్టరాదని నియమం కూడా ఉన్నది. పొట్లాన్ని రెండు చేతులతో తీసుకొని, ఆ బల్ల మీదనే పెట్టి, అందరినీ పిలిచాను. హెడ్ మెకానిక్ నా బల్ల వైపూ నా వైపూ చూసి, చేయి తుడుచుకొని మొదటి ముక్క అందుకొన్నాడు.

వారు బయలుదేరుతుంటే ఆమె కారు దిగి వెనక్కు నడిచింది. "సార్, గేటు కాడ కొలవలేదే! నియమం మరిచినారా?" అని, మూత దగ్గర చెవి పెట్టి, చేయి ఊపి నాకు సైగ చేసింది. నేను పోయి మూత తిప్పి తీశాను.

ఆమె కాసేపు అట్లాగే వంగి విన్నది. తరువాత తల ఎత్తి నవ్వింది.

"ఏమీ వినబడలేదు సార్."